నిద్ర మరిచిన కాలేయం

అంకినీడు రోజూ పొద్దున్నే స్నానం చేసి, సుబ్రహ్మణ్యేశ్వరస్వామి పటానికి దణ్ణం పెట్టుకుని, తల తడి ఆరకముందే పాముల గదికి నడిచేవాడు. వెనకాల గుమ్మంలో నిలబడి అతని భార్య రాజ్యం, "జాగ్రత్తయ్యా" అనేది. ఆరేళ్ళుగా అదే మాట. దానికి అతని జవాబు కూడా ఆరేళ్ళుగా ఒకటే.

"దానికి నేనంటే భయం లేదు, నాకు అదంటే కోపం లేదు. ఇంక జాగ్రత్తెందుకే?"

దివిసీమలో వరిచేలు అయిపోయి ఉప్పునేల మొదలయ్యే చోట ఉంది ఆ పరిశోధన కేంద్రం. ఒక డాబా, దాని వెనక పెంకుటిల్లు, ఆ పక్కన పాముల గది. గదిలో చెక్కబల్లల మీద మట్టికుండలు వరసగా ఉంటాయి. కుండకొక రక్తపింజర. మూతులకు గుడ్డతో వాసెన కట్టి ఉంటుంది. అంకినీడు ఆ వేళ వంతు వచ్చిన కుండ దగ్గర ఆగి, "ఏం తల్లీ, లేచావా?" అని పలకరించి వాసెన విప్పేవాడు. లోపల్నుంచి కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస వచ్చేది. కొక్కెం కర్రతో పామును బయటికి తీసి, తల వెనక ఒడుపుగా పట్టుకుని, రబ్బరు పొర బిగించిన గాజుగిన్నె అంచును కరిపించేవాడు. పొర కింద పసుపుపచ్చటి చుక్కలు జారేవి.

డాక్టరు సుదర్శని ఆ చుక్కను ఉప్పునీళ్ళలో కలిపి, అందులోంచి కాస్త తీసి మళ్ళీ నీళ్ళలో కలిపి, అలా పలచన చేస్తూ పోయి, చివరికి కంటికి కనిపించనంత విషాన్ని అతని పొట్ట చర్మం కింద సన్నటి సూదితో ఎక్కించేది. తక్కినవాళ్ళకు పొద్దుటి కాఫీ ఎలాగో అతనికి అది అలాగ. ఒక్క పూట తప్పితే కాళ్ళు చల్లబడేవి. రెండు పూటలు తప్పితే ఒంట్లో రక్తం ఎక్కడికక్కడ పేరుకుపోయేది. రక్తాన్ని పలచన చేసే మాత్రలు కూడా వాడి చూశారు. మాత్ర వేసిన కొద్దీ, రక్తం గడ్డకట్టే సరుకు తయారుచేసే అతని కాలేయం ఇంకా ఎక్కువ పని చేసేది. అది మాట వినేది ఒక్క పాముదే. అదీ తాజా విషమైతేనే.

పాము విషం లేకపోతే బతకలేని మనిషి! చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మొదట వింతగా చెప్పుకున్నారు. పోను పోను ఆ వింత భయంలోకి దిగింది. క్షవరం చేసే వీరాస్వామి ఒకరోజు చేతులు జోడించి, "ఏవనుకోకండి బాబాయ్, నా వేలికి ఎక్కడో చోట గాటు ఉంటానే ఉంటది" అన్నాడు. అప్పట్నుంచి రాజ్యమే కత్తెరతో అతని గడ్డం కత్తిరించేది. మేనల్లుడి పెళ్ళికి వెళ్తే, పంక్తి చివర అతనికి ఆకు వేశారు. ఆ పక్క రెండు ఆకుల చోటు ఖాళీగా ఉంది. వడ్డించేవాళ్ళు నవ్వుతూనే వడ్డించారు. అతను తిని, చెయ్యి కడుక్కుని వచ్చేశాడు. మళ్ళీ ఏ శుభకార్యానికీ పోలేదు.

"నన్ను కుట్టిన దోమ సంగతి ఏమవుతుందంటావే?" అని అప్పుడప్పుడు రాజ్యాన్ని నవ్వించబోయేవాడు.

"దాని పెళ్ళాంపిల్లలు ఏడుస్తారు, ఊరుకో" అనేది ఆవిడ, నవ్వకుండా.

ఇదంతా ఆరేళ్ళ కిందటి ముంపుతో మొదలైంది.

అప్పటికి అంకినీడు ఆ కేంద్రంలో పాములు పట్టి విషం తీసే పనిలో ఉన్నాడు. తుఫాను వచ్చి కరకట్ట తెగి నీళ్ళు పాముల గదిలోకి వచ్చేశాయి. కుండలు నీళ్ళలో మునిగితే పాములు చస్తాయని అతను ఒక్కొక్కటే ఎత్తి అటక మీద పెడుతున్నాడు. ఒక కుండ జారి పగిలింది. అందులో రక్తపింజర అతని మణికట్టు మీద కరిచింది.

దారులన్నీ మునిగిపోయాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళే మార్గం లేదు. కేంద్రంలో ఉన్న విరుగుడు ఇంజెక్షన్లన్నీ సుదర్శని అతనికి ఎక్కించేసింది. అయినా చిగుళ్ళలోంచి రక్తం ఆగలేదు. ఆమె అతని రక్తం కాస్త తీసి గాజుగొట్టంలో పోసి, కదలకుండా ఇరవై నిమిషాలు నిలబెట్టింది. ఆ తర్వాత గొట్టాన్ని వంచి చూసింది. మామూలు మనిషి రక్తమైతే ఆపాటికి జున్నులా గడ్డకట్టి ఉండాలి. అంకినీడు రక్తం నీళ్ళలా జారిపోయింది.

"ఇంజెక్షన్ ఇచ్చావుగా తల్లీ, ఇంకా ఎందుకు ఆగట్లేదు?" అంది రాజ్యం. ఆవిడ చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి.

"పిన్నీ, మీరు వంద మందికి వండిపెట్టారనుకోండి. ఎవడో దొంగ వచ్చి గిన్నెలన్నీ బోర్లించేశాడు. నేను దొంగను పట్టుకున్నాను. కానీ గిన్నెల్లో అన్నం లేదు కదా! రక్తం గడ్డకట్టే సరుకంతా వండేది కాలేయం. అది మళ్ళీ పొయ్యి వెలిగించి వండాలి. దానికి టైము పడుతుంది. అందాకా ఈయన ఆగాలి."

"ఆగుతాడా?"

సుదర్శని ఫ్రిజ్ తెరిచి చిన్న సీసా ఒకటి బయటికి తీసింది. అది ఆమె పదేళ్ళ కష్టం. కాలేయాన్ని తట్టి లేపి, పూట పట్టే పనిని గంటలో చేయించే మందు. గొర్రెలకు ఇచ్చి చూసింది. వాటి కాలేయాలు లేచి, గబగబా పని ముగించుకుని, తిరిగి నిద్రపోయాయి. మనిషికి ఇంతవరకూ ఇవ్వలేదు. దానికేదో అంకెల పేరు ఉండేది. రాజ్యం నోరు తిరగక 'మేలుకొలుపు' అంది. ఆ పేరే నిలిచింది.

ఒక మోతాదు ఇచ్చింది. గంట ఆగి చూడాలి. కొత్త గొట్టాల పెట్టె నీళ్ళపాలైంది. "వాడినవి ఉన్నాయిగా, ఇటివ్వు, నేను కడుగుతాను" అని రాజ్యం వాటిని తీసుకుపోయి, తళతళలాడేట్టు కడిగి, పొయ్యి సెగకు ఆరబెట్టి తెచ్చింది. ఆ గొట్టంలో రక్తం పోసి చూస్తే, నీళ్ళలా జారింది. రెండో మోతాదు ఇచ్చారు. మళ్ళీ జారింది. సుదర్శని మూడోది ఇచ్చింది. అప్పుడూ జారింది. నాలుగోది ఇవ్వడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. మర్నాడు నీళ్ళు కాస్త తగ్గి, పడవలో కొత్త గొట్టాలు వచ్చాక చూస్తే, రక్తం గొట్టంలో పడీ పడగానే గడ్డకట్టింది. రాజ్యం అక్కడే నేల మీద సాష్టాంగపడింది.

మూడోది పనిచేసిందనుకున్నారు. కానీ ఆ కాలేయం మళ్ళీ నిద్రపోలేదు. గొర్రెల్లో నిద్రపోయినది మనిషిలో ఎందుకు నిద్రపోలేదో సుదర్శనికి అంతుపట్టలేదు. కొత్త మందుల పరీక్షలు చూసే పెద్ద డాక్టర్ల కమిటీ కూర్చుని, ఈ మందు మనిషికి పనికిరాదని తేల్చేసింది. మేలుకొలుపు ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోయింది. ఏటా కోతల రోజుల్లో ఎక్కడో ఒకచోట పాము కరిచి, విరుగుడు ఎక్కించినా రక్తం ఆగక ఎవరో ఒకరు పోయేవారు. ఆ కబురు విన్నప్పుడల్లా సుదర్శని భోజనం మానేసి డాబా మీద ఒక్కతే తిరిగేది.

రాజ్యం మాత్రం ఆ పాత గొట్టాలను పారెయ్యనివ్వలేదు. "అవి చెప్పబట్టేగా నువ్వు మందు ఆపకుండా ఇచ్చావు. ఆయన ప్రాణం నిలబెట్టినవి అవే" అని వాటిని తన పూజ అలమరలో పెట్టుకుంది. శుక్రవారం శుక్రవారం వెండి కుందులతో పాటు వాటినీ కడిగి, బొట్టు పెట్టేది.

ఆరేళ్ళు కష్టపడి సుదర్శని రెండో మందు తయారు చేసింది. లేచిన కాలేయాన్ని జోకొట్టే మందు. దీనికి మాత్రం ఆమే పేరు పెట్టింది. జోల.

సరిగ్గా ఆ రోజుల్లోనే నెల్లూరులో ఉన్న కూతురు హైమ ఫోను చేసింది. "నాన్నా, బాబుకి అన్నప్రాశన పెట్టుకున్నాం. నువ్వు ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాయసం నాకించాలి" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మా అత్తగారు నీకు తగ్గాక రమ్మన్నారు. తప్పుగా అనుకోకు, ఆవిడకు పసివాడి గురించి భయం" అంది. అంకినీడు మనవణ్ణి ఇంతవరకూ ఫోనులోనే చూశాడు. వాడి ఒంటి బరువెంతో తెలియదు.

"ఈ మందు పనిచేస్తే వెళ్ళొచ్చా అమ్మా?" అని సుదర్శనిని అడిగాడు.

"పనిచేస్తే నెల్లూరేమిటి బాబాయ్ గారూ, కాశీకి వెళ్ళండి."

"కాశీ ఇప్పుడెందుకులే. ముందు వీరాస్వామి దగ్గరికి వెళ్ళి గడ్డం గీయించుకుంటా."

జోల ఎక్కించారు. మర్నాడు పొద్దున పాము దగ్గరికి వెళ్ళొద్దంది సుదర్శని.

"దాని వంతు పోయిందని అలుగుతుందేమో!"

"అలిగితే నేను బతిమాలుకుంటాను లెండి. మీరు కూర్చోండి."

రాజ్యం పూజ ముగించుకుని వెండిపళ్ళెంలో ఆ పాత గొట్టాలు పెట్టుకుని వచ్చింది. అవి వెలుగు పడి మెరుస్తున్నాయి. ఒక్కోదాని మీదా చిన్న కుంకుమ బొట్టు.

"అమ్మా, ఇవాళ మాత్రం వీటిలో చూడు."

"కొత్తవి పెట్టెడు ఉన్నాయి కదా పిన్నీ."

"కొత్తవి రేపట్నుంచి వాడుకుందువుగాని. ఆ రోజు దారి చూపించినవి ఇవే. ఇవాళ కూడా ఇవే చూపించాలి."

సుదర్శని నవ్వింది. కాదనబుద్ధి కాలేదు. "సరే. ఒకటి బాబాయ్ గారికి, ఒకటి నాకు. జబ్బులేని మనిషి రక్తం కూడా పక్కన పెట్టి చూడాలని ఇప్పుడు కమిటీ రూలు" అంటూ ముందు అంకినీడు చేతి నుంచీ, తర్వాత తన చేతి నుంచీ రక్తం తీసి రెండు గొట్టాల్లో పోసి నిలబెట్టింది.

మామూలు రోజుల్లో అంకినీడు రక్తం గొట్టంలో పడ్డాక మూడుసార్లు 'నారాయణ' అనేలోపు బిగుసుకుపోయేది. సుదర్శని కొంచెంసేపు ఆగి గొట్టాన్ని ఒక్కరవ్వ వంచింది. రక్తం కదిలింది.

"కదిలిందయ్యో!" అంది రాజ్యం.

మరికాసేపు ఆగి వంచింది. ఇంకా కదులుతోంది. సుదర్శని కళ్ళు తుడుచుకుంది. "నిద్రపోయింది పిన్నీ. మీ ఆయన కాలేయం నిద్రపోయింది!"

రాజ్యం ఇక ఆగలేదు. ఫోను తీసి హైమకు చేసింది. "ఒసేయ్, మీ నాన్న వస్తున్నాడే! మీ అత్తగారికి చెప్పు. పాయసం ఆయనే నాకిస్తాడు. ఆ, ఆ, చిక్కటి పాలు తెప్పించు..." అంటూ గది అంతా తిరుగుతోంది. అంకినీడు కుర్చీలో కూర్చుని తన రెండు అరచేతుల వంకా చూసుకున్నాడు. పసివాడి చంకల కింద ఈ చేతులు వేసి ఎత్తుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. హైమను ఎత్తుకున్నప్పటి బరువు జ్ఞాపకం తెచ్చుకోబోయాడు. రాలేదు.

ఇరవై నిమిషాలైంది. సుదర్శని అంకినీడు గొట్టాన్ని ఎత్తింది. రక్తం ఇంకా నీళ్ళలాగే ఉంది. ఆమె నవ్వు కొంచెం సన్నబడింది. కాలేయం నిద్రపోతే మామూలు మనిషికి మల్లే గడ్డకట్టాలి గానీ, అసలు గడ్డే కట్టకుండా ఉండకూడదు. ఆమె తన రక్తం ఉన్న గొట్టాన్ని ఎత్తి వంచింది.

అదీ జారింది.

ఏ పామూ కరవని, ఏ మందూ తీసుకోని సుదర్శని రక్తం, గొట్టంలో ఆ చివరి నుంచి ఈ చివరికి నీళ్ళలా జారింది.

ఆమె పళ్ళెంలో మిగిలిన గొట్టాల వైపు తిరిగింది.

"పిన్నీ, వీటిని దేంతో కడుగుతారు?"

"కుంకుడు రసంతోనే తల్లీ. వెండి సామానుతో పాటే. సబ్బు కూడా తగలనివ్వను, మడిగా..."

"ముంపు రోజు కూడానా?"

"ఏం?"

"ఆ రోజు నేను మందిచ్చి, గంట గంటకీ చూసిన గొట్టాలు... వాటిని కూడా కుంకుడు రసంతోనే కడిగారా?"

రాజ్యం తల ఊపింది. చేతిలో ఫోను అలాగే ఉంది.

"రక్తం గడ్డకట్టాలంటే గాజు ఉత్తగాజుగా ఉండాలి పిన్నీ. సబ్బుగానీ కుంకుడుగానీ తగిలితే ఎంత కడిగినా కంటికి కనిపించని పొర ఉండిపోతుంది. ఆ పొర మీద ఎవరి రక్తమైనా సరే జారిపోతుంది." సుదర్శని రెండు గొట్టాలనూ బల్ల మీద పెట్టేసింది. "మొదటి మోతాదుకే ఈయన కాలేయం లేచి ఉంటుంది. గొర్రెల్లో లేచినట్టే. మనం చూడలేకపోయాం. లేచినదాన్ని పట్టుకుని ఇంకో రెండుసార్లు లేపాం."

రాజ్యం చేతిలో ఫోనులోంచి హైమ గొంతు సన్నగా వినిపిస్తోంది. "అమ్మా... అమ్మా... వినపడుతోందా? నాన్న ఏ బండికి వస్తాడు?"

సుదర్శని కొత్త పెట్టె చించి, కొత్త గొట్టం తీసి, అంకినీడు రక్తం అందులో పోసింది. పడీ పడగానే అది బిగుసుకుపోయింది. జోల పనిచెయ్యలేదు.

అప్పుడు అంకినీడు చెప్పాడు, నెమ్మదిగా. "అమ్మా, ఇందాకటి నుంచీ ఎడమ పాదం చల్లగా ఉంది. సంతోషంలో ఉన్నారు కదా అని చెప్పలేదు."

పాముల గదిలోకి వెళ్ళి విషం తియ్యడం అతను తప్ప అక్కడ ఎవరికీ రాదు. గోడ పట్టుకుని లేచాడు. కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి, వంతు కుండ దగ్గర ఆగాడు. వేళ్ళకు మొద్దుబారినతనం వచ్చేసింది. వాసెన ముడి ఎంతకీ రాలేదు, పంటితో లాగాడు. పామును ఎత్తేటప్పుడు కొక్కెం కర్ర ఒకసారి జారింది. ఎలాగో తల పట్టుకుని గిన్నెకు కరిపించాడు. వెనక్కి తిరిగి చూస్తే రాజ్యం గుమ్మంలో నిలబడి ఉంది. నోరు కదిలింది గానీ మాట రాలేదు.

ఆ మాట ఆ తర్వాత చాలా రోజులు రాలేదు.

రాజ్యం పూజ మానేసింది. దీపం పెట్టడం లేదు. వంట చేసి అతనికి పెట్టి, వెనక అరుగు మీద గోడవైపు తిరిగి కూర్చునేది. అంకినీడు ఏదైనా అడిగితే 'ఊఁ' అనేది. ఇన్నేళ్ళూ లోకమంతా దూరంగా జరిగినా ఈ ఒక్క మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడేది. ఇప్పుడు ఇల్లు కూడా పంక్తి చివర వేసిన ఆకులా అయిపోయింది.

అన్నప్రాశన నాడు హైమ ఫోనును పీట ఎదురుగా నిలబెట్టి చూపించింది. పసివాడి ముందు పుస్తకం, కలం, బంగారు ఉంగరం, పువ్వులు పరిచారు. అంకినీడు ఇవతల కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు. వాడు పుస్తకం వైపు చూడలేదు, ఉంగరం వైపు చూడలేదు. పాక్కుంటూ తిన్నగా తాతగారి మొహం ఉన్న ఫోను దగ్గరికే వచ్చాడు. వాడి అరచెయ్యి తెరంతా కమ్మేసింది. అంతే, ఫోను కట్ అయిపోయింది. అంకినీడు నల్లబడిన తెర వంక చూస్తూ కూర్చున్నాడు. ఈ సంగతి ఎవరికైనా చెప్పి నవ్వుకోవాలనిపించింది. రాజ్యం అరుగు మీద గోడవైపు తిరిగి ఉంది.

ఆ సాయంత్రం స్వామి పటం ముందు నిలబడ్డాడు. దీపం లేక పటం మసకగా ఉంది. "స్వామీ, నువ్వే పాము రూపంలో ఉంటావంటారు. కరిచింది నువ్వే అనుకుంటే నాకు బాధ లేదు. కానీ శుభ్రం చేసిన చేతిని ఎందుకు ఇరికించావు? నీ సామాను కడిగినట్టే కడిగిందిగా పిచ్చిది. అది నీకు నచ్చే పనేగా?" జవాబు వస్తుందని అతను అడగలేదు.

శుక్రవారం వచ్చింది. వెండి కుందులు నల్లబడి ఉన్నాయి. అంకినీడు గుప్పెడు కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసేసి, గోరువెచ్చటి నీళ్ళలో నానేసి పిసికాడు. నురుగు వచ్చింది. బావి పక్కన చతికిలబడి కుందులు తోమడం మొదలుపెట్టాడు.

రాజ్యం అరుగు మీంచి లేచి వచ్చింది. "ఆ పని నీకెందుకయ్యా?"

"నువ్వు చెయ్యట్లేదుగా."

"ఆ రసం నా కళ్ళముందు పెట్టకు."

"ఇది కుందులకు మంచిదే. గొట్టాలకే పడలేదు. దాని తప్పేముంది ఇందులో?"

ఆవిడ నిలబడ్డ చోటే కూలబడింది. "నన్ను ఒక్క మాటన్నా తిట్టవేమయ్యా? కూతురి ఇంటి గడప తొక్కనివ్వకుండా చేశాను. నీ పక్కన ఆకేసుకుని కూచునే మనిషి లేకుండా చేశాను."

"నువ్వు కూచున్నావుగా" అన్నాడు అంకినీడు, కుంది మీద నీళ్ళు పోస్తూ. "ఈమధ్యే మానేశావు. దానికి మాత్రం తిట్టాలనే ఉంది."

రాజ్యం చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, అతని చేతిలో రెండో కుంది లాక్కుని తనే తోమింది.

ఆ వేళకే సుదర్శని వచ్చి అరుగు చివర కూర్చుంది. ఆమె కూడా చిక్కిపోయింది. "తప్పు నాది పిన్నీ. నా రక్తం పక్కన పెట్టి చూసుంటే ఆ రోజే తెలిసేది. కంగారులో మరిచాను. డాక్టర్ని నేను, మీరు కాదు." ఇద్దరి వైపూ తిరిగింది. "ఒక మోతాదే ఇస్తే కాలేయం దానంతట అది నిద్రపోతుంది. మందు మంచిదే. మళ్ళీ పరీక్ష చెయ్యనివ్వమని కమిటీకి రాయాలి. రాస్తే ఆ గొట్టాలు ఎవరు కడిగారో, దేంతో కడిగారో అంతా రాయాలి. మీరు వద్దంటే రాయను."

అంకినీడు భార్య వంక చూశాడు. చెప్పాల్సింది తను కాదనిపించింది.

"రాయి" అంది రాజ్యం. "కుంకుడు రసం అని పేరు పెట్టి రాయి. నా పేరు కూడా రాయి. నాలాంటిది ఇంకొకత్తి ఎక్కడో మంచి చేస్తున్నాననుకుని కడుగుతూ ఉంటుంది."

కమిటీ చాలా ప్రశ్నలు వేసింది, ఎన్నో కాగితాలు అడిగింది. చివరికి ఒప్పుకుంది.

మళ్ళీ కోతలు వచ్చాయి. ఒక మధ్యాహ్నం ఆటోలో నాంచారమ్మ అనే కోతకూలీని తెచ్చారు. కోసిన వరి పనలు ఎత్తుతుంటే పాదం మీద రక్తపింజర కరిచింది. ఆసుపత్రిలో విరుగుడు ఎక్కించినా చిగుళ్ళలోంచి రక్తం ఆగక ఇక్కడికి పంపారు. సుదర్శని ఒక్క మోతాదు మేలుకొలుపు ఇచ్చింది. ఒక్కటే.

గంట గడవాలి. నాంచారమ్మ భర్త బయట ఆటో పక్కన కూలబడి ఉన్నాడు. అంకినీడు ఆమె మంచం పక్క బల్ల మీద కూర్చున్నాడు. ఆమె కళ్ళు తెరిచి అతన్ని పోల్చుకుంది.

"విషం ఎక్కించుకుని బతికే ఆయన నువ్వేనా బాబాయ్?"

"నేనేనమ్మా."

"ఇదే మందంటగా నీకిచ్చింది." ఆమె పెదాల మీద రక్తం ఎండి ఉంది. "నేను కూడా నీలాగే అయిపోతానా? నాకు చంటిది ఉంది. దాన్ని ఎత్తుకోనిస్తారా?"

"ఎత్తుకుంటావు. నాలాగా అవ్వవు" అన్నాడు అంకినీడు. "నాలాగా ఇంకెవరూ అవ్వరు. ఎందుకవ్వరో మాకు తెలిసింది."

ఆమెకు ధైర్యం చెప్పడానికి అన్న మాట అది. అన్నాక తన చెవినే పడింది. ఇన్నాళ్ళూ ఎప్పుడో, ఎక్కడో తనలాంటి మనిషి ఇంకొకడు తయారవుతాడని, వాడూ తనూ ఎదురెదురుగా కూర్చుని చల్లబడే కాళ్ళ గురించి మాట్లాడుకోవచ్చునని, మనసులో ఏ మూలో ఒక ఆశ ఉండేదని అప్పుడే తెలిసింది. అది ఎంత పాపపు ఆశో కూడా తెలిసింది. దాన్ని అక్కడే వదిలేశాడు.

"కాసిని మంచినీళ్ళు ఇయ్యి బాబాయ్."

అతను చుట్టూ చూశాడు. రాజ్యం లేదు, సుదర్శని లోపల ఉంది. గ్లాసు ముట్టుకోవడానికి తటపటాయించాడు. "నేనివ్వొచ్చా?"

"నాలిక పిడచకట్టుకుపోతంటే అడుగుతావేంది?" అంది నాంచారమ్మ. అతను తల కింద చెయ్యి పెట్టి నీళ్ళు పట్టాడు. ఆమె గ్లాసెడూ తాగి మూతి తుడుచుకుంది.

సుదర్శని రెండు కొత్త గొట్టాలు తెచ్చింది. ఒకదాన్లో నాంచారమ్మ రక్తం, రెండోదాన్లో తనది పోసింది. వాటిని కదలకుండా ఇరవై నిమిషాలు నిలబెట్టింది. రాజ్యం వచ్చి, చేతులు చెంగులో దాచుకుని, బల్లకు దూరంగా నిలబడింది. టైమయ్యాక సుదర్శని తన గొట్టం వంచింది. కదల్లేదు. నాంచారమ్మ గొట్టం వంచింది. పూర్తిగా తలకిందులు చేసింది. జున్నుముక్కలా నిలిచి ఉంది.

తర్వాత రోజూ చూస్తూ వచ్చారు. ఆమె కాలేయం పని ముగించుకుని, గొర్రెల్లో నిద్రపోయినట్టే నిద్రపోయింది. భర్త బండి వెనక కూర్చుని ఊరికి పోతూ నాంచారమ్మ చెయ్యి ఊపింది. అంకినీడు కూడా ఊపాడు. బండి చేలగట్టు మలుపు తిరిగే దాకా ఊపుతూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున స్నానం చేశాడు. స్వామి పటం ముందు కుందులు వెలుగుతున్నాయి. దణ్ణం పెట్టుకుని పాముల గదికి నడిచాడు.

"జాగ్రత్తయ్యా" అంది వెనకాల నుంచి రాజ్యం. జోల ఎక్కించిన రోజు తర్వాత మళ్ళీ ఇదే మొదలు.

అతను ఆగాడు గానీ, ఎప్పుడూ చెప్పే జవాబు నోటికి రాలేదు. తల ఊపి లోపలికి వెళ్ళాడు. వరసలో వంతు వచ్చిన కుండ ముందు నిలబడి వాసెన విప్పాడు. లోపల్నుంచి బుస వచ్చింది.

"నేనే తల్లీ" అన్నాడు. "ఇంకెవరొస్తారు?"